హస్తము బుద్ధికి కింకరమా?

మనిషికి మొదట తెలివి పెరిగినదనియు, పెరిగిన తెలివి చేతికి పని నేర్పినదనియు, నేర్చిన పనివలన చేయి క్రమక్రమముగా నేటి రూపమును దాల్చినదనియు ఒక కథ మన పాఠశాలలలోను, ఉపన్యాసవేదికలమీదను, విద్యావంతుల గోష్ఠులలోను చిరకాలముగా చెలామణి యగుచున్నది. చెప్పువారు దీనిని కథ యని యెరుగరు. ప్రకృతిశాస్త్రము స్థాపించిన సత్యమనియే నమ్ముదురు. మెదడు ప్రభువు, చేయి బంటు. ప్రభువు తలచును, బంటు చేయును. బంటునకు గల నేర్పంతయు ప్రభువు పెట్టిన భిక్షయే యని వారి తాత్పర్యము. తల మొండెమునకు పైనను, చేయి ప్రక్కనను ఉండుటచేత ఈ మాట చూచినంతనే నిజమువలె తోచును. కాని గత నూరేండ్లలో భూగర్భమునుండి బయల్పడిన యెముకలును, మలచిన రాళ్ళును మరియొక క్రమమును చెప్పుచున్నవి. చేయి ముందు, పెద్ద మెదడు తరువాత. మనిషి చేతిని మెదడు తీర్చలేదు. చాలవరకు ఏనాడో సిద్ధమై యున్న చేతి నాశ్రయించి మెదడు పెరిగినది. ఈ సంగతిని నిరూపించుటయే నా యుద్దేశము.

వివాదము నిన్న మొన్నటిది కాదు. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త యగు అనక్సాగరస్, మానవుడు జంతువులన్నింటిలో బుద్ధిమంతు డగుటకు అతనికి చేతులుండుటయే కారణమని చెప్పెను. ఆ తరువాతి శతాబ్దిలో అరిస్టాటిల్ జంతువుల అవయవములనుగూర్చి వ్రాసిన గ్రంథములో ఆ మాటను తలక్రిందులు చేసి, మానవుడు బుద్ధిమంతుడు గనుకనే ప్రకృతి అతనికి చేతుల నొసగినదనియు, వేణువు వాయింప నేర్చినవానికి వేణువు నిచ్చుట సమంజసము గాని వేణువున్నంత మాత్రమున నొకనికి ఆ విద్యను కట్టబెట్టుట సమంజసము కాదనియు వాదించెను. ఉపమానము రమ్యముగా నున్నది. లోకము దానికి లొంగిపోయినది. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలోని మహావైద్యుడు గాలెన్ అరిస్టాటిల్ పక్షమే వహించెను. 1833లో ఇంగ్లండున చార్లెస్ బెల్ అను శరీరశాస్త్రజ్ఞుడు హస్తముపై ఒక గ్రంథమే వ్రాసి, దాని నిర్మాణమునందలి కౌశలమంతయు సృష్టికర్త సంకల్పమునకు నిదర్శనమని చూపెను. ఇన్ని శతాబ్దులలో ఎవ్వరును అరిస్టాటిల్‌ను అడుగవలసిన చిన్న ప్రశ్నను గట్టిగా అడిగినట్లు కనబడదు. వేణువు నెన్నడును ముట్టనివాడు వేణువు వాయింప నెట్లు నేర్చెను? విద్య ముందును వేణువు వెనుకను కలిగిన వాదకుని ఈ లోకమున ఎవరు చూచిరి?

మన దేశమున సాంఖ్యులు పాణిని, అనగా చేతిని, అయిదు కర్మేంద్రియములలో నొకటిగా లెక్కించి, జ్ఞానేంద్రియముల పంక్తినుండి వేరుపరచిరి. కఠోపనిషత్తునందలి రథరూపకములో బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. ఇవి ఆత్మనిగ్రహమునకై పెద్దలు చేసిన విభాగములు; ఆ ప్రయోజనమునకు అవి గౌరవార్హములు. వానిని ప్రాణిచరిత్రగా చదువుట మాత్రము పొరపాటు. కన్ను మూసికొని జేబులోని నాణెములను వ్రేలికొనతో తడిమి అర్ధరూపాయను రూపాయనుండి వేరుచేయువాని చేయి ఆ క్షణమున కర్మేంద్రియమా, జ్ఞానేంద్రియమా? ఈ విషయమున మన శాస్త్రములకంటె మన నిఘంటువులే విశాలదృష్టి కలవి. ఏనుగునకు హస్తి యనియు, కరి యనియు పేళ్ళు. హస్తము గలది, కరము గలది యని అర్థము. తొండముతో పట్టుకొను మృగమునందు చేతిని గుర్తించిన ఆ ప్రాచీనుడు, చేయి మనిషి బుద్ధికి మాత్రమే దక్కిన బహుమానమని తలచి యుండడు.

మెదడే ముందన్న సిద్ధాంతము కేవలము గోష్ఠులలోని మాటగా మిగిలి యున్నచో ఇంత వ్రాయ నవసరముండదు. అది శాస్త్రజ్ఞుల కన్నులకే గంతలు కట్టినది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో గ్రాఫ్టన్ ఎలియట్ స్మిత్ మొదలగు పండితులు, మానవపరిణామమున మొదట పెరిగినది మెదడే యనియు, నిలిచి నడచుటయు చేతిపనియు దాని ననుసరించినవే యనియు బోధించుచుండిరి. 1912 డిసెంబరులో లండనునందలి భూగర్భశాస్త్ర సంఘము ఎదుట చార్లెస్ డాసన్, ఆర్థర్ స్మిత్ వుడ్‌వర్డ్ అనువారు సస్సెక్స్ ప్రాంతమున పిల్ట్‌డౌన్ గ్రామముచెంత దొరికినవని కొన్ని ఎముకలను ప్రదర్శించిరి. కపాలము పెద్దది, మనిషిదివలె నున్నది, దవడ వానరునిది. సిద్ధాంతము ఏమి కోరెనో అదియే దొరికినది! మెదడు మనిషి యంత, తక్కిన దేహము వానరమంత. దానికి ఇయొవాంత్రోపస్ డాసోని యని పేరు పెట్టి, మానవుని తొలితాతగా సింహాసన మెక్కించిరి.

ఈ లోగా 1924లో దక్షిణాఫ్రికాయందలి టౌంగ్‌లో ఒక సున్నపురాతి గనిలో చిన్నబిడ్డ పుఱ్ఱె యొకటి దొరకినది. రేమండ్ డార్ట్ దానిని పరిశీలించి 1925 ఫిబ్రవరిలో ప్రకటించెను. వెన్నుపాము కపాలమున ప్రవేశించు రంధ్రము ముందునకు జరిగి యుండుటచేత ఈ ప్రాణి నిటారుగా నిలిచినదని అతడు చెప్పెను. మెదడు మాత్రము వానరుని మెదడంత. ఆర్థర్ కీత్ మొదలగు పెద్దలు దానిని త్రోసిపుచ్చిరి. పిల్ట్‌డౌన్ మనిషి సింహాసనముపై నుండగా టౌంగ్ బిడ్డకు స్థానమెక్కడిది? డార్ట్ చెప్పినది నిజమని ఒప్పుకొనుటకు వారికి ఇరువదేండ్లకు పైగా పట్టినది. తుదకు 1953 నవంబరులో జోసెఫ్ వైనర్, కెనెత్ ఓక్లే, విల్‌ఫ్రిడ్ లె గ్రాస్ క్లార్క్ అనువారు పిల్ట్‌డౌన్ ఎముకలను రసాయనపరీక్షలకు గురిచేయగా బండారము బయటపడినది. కపాలము అంత ప్రాచీనము కానే కాదు, దవడ ఒరాంగుటాన్‌ది, పళ్ళను ఆకురాయితో అరగదీసి, ఎముకలకు రంగు పూసి, పాతవని నమ్మించిరి. వంచకుని సంగతి యటుండనిండు; నన్ను బాధించునది వంచితుల సంగతి. నలువదేండ్లపాటు ఇంతమంది నిపుణులు ఆ దవడమీది ఆకురాతి గీతలను చూడలేకపోవుటకు వారి కన్నులు మందగించుట కారణము కాదు. తాము నమ్మదలచినదే ఎదుట నుండుటచేత, పరీక్షింపవలెనను కోరికయే వారికి పుట్టలేదు.

పిల్ట్‌డౌన్ కూలిన తరువాత నేల పలికిన సాక్ష్యమంతయు ఒకే దిక్కునకు మొగ్గినది. 1974లో ఇథియోపియాలోని హడార్‌లో డోనల్డ్ జోహాన్సన్ బృందమునకు దొరకిన లూసీ 32 లక్షల ఏండ్లనాటిది. ఆమె నిటారుగా నడచినది. ఆమె జాతి మెదడు చింపాంజీ మెదడుకంటె పెద్దగా ఎక్కువది కాదు. 1978లో టాంజానియాయందలి లెటోలిలో మేరీ లీకీ త్రవ్వి వెలికితీసిన అడుగుల జాడలు 36 లక్షల ఏండ్లక్రిందట, తడిసిన అగ్నిపర్వతభస్మముపై రెండు కాళ్ళతో నడచినవారివి. ఇంకను వెనుకకు పోయినచో, ఇథియోపియాలోనే దొరకి 2009లో సవిస్తరముగా ప్రకటింపబడిన ఆర్డిపిథెకస్ 44 లక్షల ఏండ్లనాటిది. దాని చేతి యెముకలలో, చింపాంజీవలె వ్రేళ్ళ కణుపులను నేలనూది నడచినట్టి గుర్తులు లేవు. నడక నేర్చి నేలను కాళ్ళకు విడిచిన చేతులు లక్షలాది ఏండ్లు ఖాళీగా నుండెను. ఆ కాలమున మెదడు పెరుగలేదు.

రాళ్ళ సాక్ష్యము ఇంతకంటె స్పష్టము. ఇథియోపియాలోని గోనాయందు దొరకిన, ఉద్దేశపూర్వకముగా పెచ్చులూడగొట్టిన రాళ్ళు 26 లక్షల ఏండ్లనాటివి. కెన్యాలో టుర్కానా సరస్సునకు పడమట లోమెక్వీ యనుచోట సోనియా హార్మాండ్ బృందము కనుగొని 2015లో ప్రకటించినవి 33 లక్షల ఏండ్లనాటివి. లోమెక్వీ రాళ్ళ వయస్సును కొందరు సంశయించుచున్నారు. వారి సంశయమును మన్నించి గోనాయే తొలిదని గ్రహించినను నా వాదమునకు లోటు రాదు. ఎందువలననగా, అప్పటికి భూమిపై నున్న మన పూర్వులలో ఎవరి మెదడును నేటి మనిషి మెదడులో సగమైనను ఉండినట్లు సాక్ష్యము లేదు. నేటి సగటు మెదడు సుమారు 1350 ఘన సెంటీమీటర్లు. నాటివారిది 400, 500 మాత్రమే. మెదడు మిక్కిలిగా పెరిగినది రాయి కొట్టుట మొదలైన తరువాతనే. కొడుకు పుట్టిన తరువాత తండ్రి పుట్టెనని చెప్పుట ఎట్లుండునో, మెదడు చేతికి పని నేర్పెననుట అట్లే యున్నది.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము ఓల్డువాయిది. 1960లో టాంజానియాయందలి ఆ లోయలో లీకీ దంపతుల కుమారుడు జొనాథన్ ఒక బాలుని దవడను, కపాలభాగములను కనుగొనెను. అచ్చటనే చేతి యెముకలును దొరకినవి. వానిని లండనున జాన్ నేపియర్ చేతికిచ్చిరి. నేపియర్ పుస్తకపాండిత్యముతో తృప్తిపడిన పండితుడు కాడు. చేతులకు శస్త్రచికిత్స చేయువారితో పనిచేసి, బ్రతికియున్న మనుష్యుల చేతులు పట్టును ఎట్లు పట్టునో సంవత్సరములతరబడి పరిశీలించినవాడు. 1956లోనే అతడు మనిషి పట్టునంతటిని రెండు విధములుగా విభజించెను: ఒకటి బలపు పట్టు, ఒకటి కచ్చితపు పట్టు. ఇంగ్లీషు పుస్తకము లేకుండనే మన ఇండ్లలో వీనిని చూడవచ్చును. తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని పట్టి, ఎక్కువ కాకుండ తక్కువ కాకుండ సన్నని ధారగా జార్చునప్పుడు అది కచ్చితపు పట్టు. ఆమెయే రోకలిని అరచేతికి ఏటవాలుగా చేర్చి, నాలుగు వ్రేళ్ళతో చుట్టి, బొటనవ్రేలితో బిగించి దంచునప్పుడు అది బలపు పట్టు. ఒకే చేయి, ఒకే ప్రాతఃకాలమున, ఈ రెండు పట్టులకును నడుమ తడబాటు లేకుండ మారుచుండుటయే మనిషి చేతి విశేషము. మా అమ్మమ్మ ముగ్గులు చూచుచు పెరిగినవాడను గనుక, నేపియర్ విభాగమును మొదటిసారి చదివినపుడు నాకు క్రొత్తదనము తోచలేదు. ఎరిగినదానికి ఎవరో పేరు పెట్టినట్లు తోచినది.

ఓల్డువాయి యెముకలలో నేపియర్ ఏమి చూచెను? వ్రేలికొనల యెముకలు వెడల్పై, నేటి మనిషి వ్రేలికొనలవలె నున్నవి. వ్రేలి నడిమి యెముకలు మాత్రము దృఢమై వంపు తిరిగి, చెట్టుకొమ్మలను పట్టినవానివలె నున్నవి. సగము క్రొత్తది, సగము పాతది. దానితోడి కపాలభాగములనుబట్టి ఆనాడు లెక్కగట్టిన మెదడు 700 ఘన సెంటీమీటర్లకు లోపలిది. 1964లో లూయిస్ లీకీ, ఫిలిప్ తోబాయస్, నేపియర్ ముగ్గురును కలిసి దానికి హోమో హాబిలిస్ అని నామకరణము చేసిరి. పనివాడైన మనిషి యని భావము. కపాలమును కొలిచి కాక, చేతిని చూచి పేరుపెట్టిన సందర్భము మానవజాతుల చరిత్రలో ఇది యొకటే యని చెప్పదగును. ఆ పేరునకు ఎదురాడినవారు ఎందరో. మెదడు చాలదని వారి యాక్షేపణము. అప్పటికిని కొలబద్ద తలయే!

ఇక మనిషి చేతియందలి కౌశలమునకు ఆధారమేదియో కొంచెము విచారింతము. ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు, రెండింట 54, దేహమునందలి 206 ఎముకలలో నాలుగవ వంతుకంటె ఎక్కువ. వ్రేళ్ళలో వానిని కదలించు కండరములు లేవు. అవి అరచేతిలోను ముంజేతిలోను నుండి, పొడవైన స్నాయువుల ద్వారా బొమ్మలాటవాడు తెరవెనుకనుండి త్రాళ్ళు లాగినట్లు వ్రేళ్ళను లాగును. అందుచేతనే వ్రేళ్ళు సన్నగా, లోతైన సందులలో దూరగలవిగా నున్నవి. బొటనవ్రేలి కొనను మడచుటకు మనకు వేరుగా ఒక కండరము కలదు. చింపాంజీకి ఆ పనిని స్వతంత్రముగా చేయు కండరము లేదు. చింపాంజీ వ్రేళ్ళు పొడవు, బొటనవ్రేలు పొట్టి. మనకు బొటనవ్రేలు పొడవు, తక్కిన వ్రేళ్ళు పొట్టి. కొనను కొన తాకునట్టి నిష్పత్తి అది. చిటికెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు, బెత్తెడు, జాన, మూర యని మన పూర్వులు లోకమును కొలుచుకొన్న కొలతలన్నియు ఈ నిష్పత్తినుండి పుట్టినవే.

ఈ నిష్పత్తిని బుద్ధి పెరిగినకొలది పరిణామము నూరి నూరి తీర్చిన ఆభరణమని ప్రచారము. వానర చేయి మోటుదనియు, మన చేయి దానినుండి సంస్కరింపబడినదనియు సామాన్యుల ఊహ. 2015లో సెర్జియో అల్మెసిజా, జెరోన్ స్మేర్స్, విలియం జంగర్స్ అనువారు జీవించియున్న వానరముల చేతులను, శిలాజములను కొలిచి చెప్పినది వేరు: చేతి నిష్పత్తులలో ఎక్కువ మారినది చింపాంజీ, మనము కాము, మన చేయి మనకును చింపాంజీకిని గల ఉమ్మడి పూర్వుని చేతినుండి అంతగా దూరము పోలేదు, చింపాంజీయే కొమ్మలకు వ్రేలాడుటకై వ్రేళ్ళను పొడిగించుకొన్నది. ఈ నిర్ణయమునకు ప్రతివాదము లేకపోలేదు. 2021లో థామస్ ప్రాంగ్ మొదలగువారు ఆర్డిపిథెకస్ చేతిని మరల పరిశీలించి, ఉమ్మడి పూర్వుడును కొమ్మలకు వ్రేలాడినవాడే యనియు, అతని చేయి చింపాంజీ చేతికి దగ్గరిదే యనియు వాదించిరి. ఈ తగవు తీరలేదు. కాని తగవు తీరుటకై నేను వేచియుండ నవసరము లేదు; ఏ పక్షము గెలిచినను చేతి మార్పు జరిగిన కాలము పెద్ద మెదడు పుట్టుటకు ముందే. దక్షిణాఫ్రికాయందలి మలాపాలో 2008లో దొరకిన ఆస్ట్రలోపిథెకస్ సెడిబా ఆడమనిషి చేయి, మణికట్టుతో సహా దాదాపు సంపూర్ణముగా లభించినది. ఆమె బొటనవ్రేలు పొడవు, తక్కిన వ్రేళ్ళు పొట్టి. కాలము సుమారు 20 లక్షల ఏండ్ల వెనుక. ఆమె తోడి బాలుని మెదడు సుమారు 420 ఘన సెంటీమీటర్లు. మెదడు దీర్చిన చేతిని ఇచ్చట ఎవరైన చూపగలరా?

మరియొక ఆశ్చర్యము. కాంబెల్ రోలియన్, డేనియల్ లీబర్మన్, బెనెడిక్ట్ హాల్‌గ్రిమ్సన్ అనువారు 2010లో ప్రకటించిన పరిశోధనప్రకారము, పిండమునందు చేతికిని పాదమునకును వృద్ధి నియమములు చాలవరకు ఉమ్మడివి గనుక, ఒకదానిపై వచ్చిన ఒత్తిడి రెండవదానినిగూడ మార్చును. నడకకు పాదపు బొటనవ్రేలు బలిసి, తక్కిన వ్రేళ్ళు పొట్టివగుట లాభము. పాదము మారినది, పాదమును వెన్నంటి చేయియు మారినది. అనగా మనము కచ్చితపు పట్టునకు మూలమని మెచ్చుకొను పొడవైన బొటనవ్రేలు కొంతవరకు కాలిచలువ కావచ్చును. బుద్ధిని చేతికి గురువుగా నిలిపినవారు, ఆ గురుపీఠమున పాదమునకును కొంత చోటు విడువవలసి వచ్చినది!

పూర్వపక్షములను దాచి గెలుచుట న్యాయము కాదు. మొదటి యాక్షేపణము గెలడాది. ఇథియోపియా కొండలమీద గడ్డి మేయు ఈ కోతి బొటనవ్రేలిని చూపుడువ్రేలితో కలుపు శక్తిలో మనిషిని తప్ప తక్కిన వానరజాతులనన్నింటిని మించినది. ఒక్కొక్క గడ్డిపోచను కొనలతో పట్టి పెరుకును. కాని అది పనిముట్టు చేయలేదు, దాని మెదడును మనంత పెరుగలేదు. చేయి మెదడును పెంచునేని గెలడా పండితుడు కావలదా యని ప్రశ్న. ప్రశ్న బలమైనది, దాని గురి మాత్రము నా వాదము కాదు. చేయి ఒక్కటే చాలునని నేననలేదు. గెలడా చేయి గడ్డి పెరుకుటకే అంకితమైన చేయి. కూర్చుండి గడ్డి మేయు ప్రాణికి ఆ చేతిని మరియొక పనిలో పెట్టవలసిన అవసరము రాలేదు. చేయి కలిగి, నడకచేత విడుదలై, కడుపుకొరకు క్రొత్తపనిలో పడవలసి వచ్చిన ప్రాణికే ఆ మార్గము తెరచుకొన్నది. ఆకలి, నడక, చేయి, గుంపు ఇవి యన్నియు కూడవలెను. వీనిలో పెద్ద మెదడు మొదటిది కాదనుటయే నా పట్టు.

రెండవ యాక్షేపణము వానరములకు రాయి కొట్టు బుద్ధియే లేదని. దీనికి జవాబు కాంజీ యను బోనోబో. 1990 ప్రాంతమున అమెరికాలో నికొలస్ టోత్ మొదలగువారు దానికి రాతినుండి పెచ్చు ఊడగొట్టి, ఆ పెచ్చుతో త్రాడు కోసి, కట్టిన పెట్టెను తెరచి లోని తినుబండారమును తీసికొనుట చూపిరి. పెచ్చు పదునైనదని, పదును త్రాడు కోయునని కాంజీ త్వరగానే గ్రహించినది. మంచి పెచ్చును, మొద్దు పెచ్చును వేరు చేయనుగూడ నేర్చినది. కాని రెండు చేతులతో రెండు రాళ్ళను గట్టిగా పట్టి, తగిన కోణమున దెబ్బ వేయుట దానికి కష్టమైనది. తుదకు రాతిని గట్టి నేలపై విసరికొట్టి ముక్కలు చేసికొన్నది. అందులో బుద్ధి లోపము కొంత యుండవచ్చును. కాని ఆ యుపాయము తోచిన ప్రాణిని బుద్ధిహీనమనుట సాధ్యమా? సుత్తిరాతిని బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మూడింటితో ఒడిసిపట్టి కొట్టవలెనని మేరీ మార్జ్‌కీ తన దీర్ఘపరిశీలనలో చూపినది. ఆ పట్టు కాంజీ వ్రేళ్ళకు రాదు.

మూడవది ఎంగెల్స్ పేరు. 1876లో అతడు వ్రాసి, 1896లో అచ్చయిన వ్యాసములో, శ్రమయే వానరుని మనిషిని చేసెననియు, చేయి శ్రమకు సాధనము మాత్రమే గాక శ్రమకు ఫలముగూడ ననియు చెప్పెను గనుక, ఇది ఒక రాజకీయపక్షపు మాట యని కొందరు ముఖము చిట్లింతురు. అతనికంటె ముందే, 1871లో, డార్విన్ మానవావతరణగ్రంథములో నిటారునడక చేతులను విడిపించుటను విశదముగా చర్చించెను. ఎంగెల్స్ పొరబడినచోటును నేను చెప్పెదను: పనిచేసి సంపాదించిన నేర్పు బిడ్డలకు వారసత్వముగా సంక్రమించునని అతడు ఎంచెను. కమ్మరి చేతి కండ కొడుకునకు పుట్టుకతో రాదు. ఏ పనికి అనువైన ఎముకతో పుట్టినవాడు ఎక్కువ సంతతిని నిలుపునో అతని ఎముకయే నిలుచును. 2013లో ప్రకటింపబడిన, టుర్కానా సరస్సు పడమటి తీరమున కైటియోలో దొరకిన మూడవ అరచేతి యెముక దీనికి తార్కాణము. దాని మొదట చిన్న కొమ్మువంటి మొన కలదు. రాయి కొట్టునపుడు ఎముక మణికట్టునుండి జారకుండ అది అడ్డుకొనును. సుమారు 14 లక్షల ఏండ్లనాటిది. ఆ మొన సెడిబాకు లేదు. అనగా, రాయి కొట్టుట మొదలై పది లక్షల ఏండ్లు గడచిన పిమ్మట ఎముక ఆ పనికి తగినట్లు మారి కనబడుచున్నది. పని ముందు, పనికి తగిన చేయి దాని వెనుక.

మెదడు పెద్దదైనను చిన్నదైనను పని జరుగునని చూపుటకు ఫ్లోరెస్ చాలును. ఇండోనేషియాలోని ఆ దీవియందు లియాంగ్ బువా గుహలో 2003లో దొరకిన మూడున్నర అడుగుల మనుష్యులకు మెదడు 400 ఘన సెంటీమీటర్లకు కొంచెము మించినది. వారి మణికట్టును పాత తరహాదే. వారితోబాటు రాతిపనిముట్లు దొరకినవి. చింపాంజీ యంత మెదడుతో, తీరు దిద్దుకొనని మణికట్టుతో పనిముట్లు వాడి బ్రతికిన మనుష్యజాతి లక్ష ఏండ్లకు లోపలి కాలమున ఇంకను ఉండెనన్న సంగతి వినిన తరువాతను, పెద్ద మెదడు లేనిదే పనిముట్టు లేదనువారికి ఏమి చెప్పవలెను?

చేయి మెదడునకు నేర్పుట గతించిన లక్షల ఏండ్ల కథ మాత్రమే కాదు. ప్రతి జీవితమునందును జరుగుచున్నదే. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మేల్కొనియున్న రోగుల మెదడుపై విద్యుత్తును స్వల్పముగా సోకించి, ఏ భాగము ఏ అవయవమును కదలించునో గుర్తించెను. 1937లో ప్రకటించిన ఆ పటములో చేతికిని ముఖమునకును దక్కిన మేర తక్కిన దేహమునకు దక్కలేదు. 1995లో జర్మనీలో థామస్ ఎల్బర్ట్ మొదలగువారు తంత్రీవాద్యకారులను పరీక్షించి, తంతులను నొక్కు ఎడమచేతి వ్రేళ్ళకు మెదడులో చోటు పెరిగినదనియు, బాల్యముననే వాద్యము పట్టినవారికి మరింత పెరిగినదనియు కనుగొనిరి. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వాయులీనము వినినవారికి ఈ సంగతిని ఒప్పించుటకు పటము లక్కరలేదు. వేణువాదకునికి వేణువు నిమ్మన్న అరిస్టాటిల్‌కు జవాబు అచ్చట నున్నది: వాద్యము పట్టిన వ్రేళ్ళే వాదకుని మెదడును దిద్దుచున్నవి.

ఇంత పట్టుదలతో ఈ విషయమును వాదించుట ఏల యని అడుగువారుందురు. చదువుకొననిచో చేతిపని చేసికొని బ్రతుకవలసి వచ్చునని బిడ్డను బెదరించు మాట మన ఇండ్లలో ఎంత సులభముగా వచ్చునో నేనెరుగుదును. ఆ మాట విని పెరిగినవాడను. 1937లో వార్ధాలో గాంధీజీ చేతివృత్తి ద్వారా విద్య నేర్పవలెనని ప్రతిపాదించినపుడు, చదువుకొన్నవారిలో చాలమంది దానిని పేదబిడ్డల పని యని తలచిరే గాని విద్య యని తలపలేదు. మగ్గముపై అచ్చుపోగులను సరిచేయు పోచంపల్లి నేతగాడు, తెల్లపొణికి కఱ్ఱను చెక్కు కొండపల్లి బొమ్మలవాడు, చింతబొగ్గుతో గీతలు దిద్దు శ్రీకాళహస్తి కలంకారివాడు, వీరి చేతులలో నున్నది తెలివి కాదనియు, తెలివికి విధేయమైన యలవాటు మాత్రమే యనియు చెప్పుటకు ప్రకృతిశాస్త్రమును సాక్షిగా పిలుచువారున్నారు. పరిణామము సంఘమునకు ధర్మశాస్త్రము కాదు. ఎముకలనుబట్టి ఎవరికి ఎంత గౌరవ మీయవలెనో నిర్ణయింపరాదు. కాని కూటసాక్షిని న్యాయస్థానమునుండి దించుట మన విధి. మెదడు ముందనువారి సాక్షి పిల్ట్‌డౌన్ దవడయే.

మన దేశపు నేల చెప్పునదియు ఇదియే. 1863 మే 30న మద్రాసునకు సమీపమున పల్లావరములో భూగర్భసర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఒక మలచిన రాతిని ఏరుకొనెను. భారతదేశమున గుర్తింపబడిన తొలి పాతరాతియుగపు పనిముట్టు అదియే. అదే యేడు అత్తిరంపాక్కములో దొరకిన చేతిగొడ్డళ్ళ స్థావరమును శాంతి పప్పు బృందము మరల త్రవ్వి, వానిలో ప్రాచీనములైనవి 15 లక్షల ఏండ్లనాటివని 2011లో ప్రకటించినది. గిద్దలూరు పరిసరములలోను, నాగార్జునకొండ లోయలోను అదే పోలికవి దొరకినవి. నర్మదాతీరమున హత్నోరాలో 1982లో అరుణ్ సోనకియాకు కపాలభాగ మొకటి దొరకు వరకు, ఈ రాళ్ళను చేసినవారి తలనుగూర్చి మనకు తెలిసినది శూన్యము. చేతినిగూర్చి మాత్రము అప్పటికే నూరేండ్లకు పైగా తెలియుచుండెను. ఫూట్ సేకరించిన రాళ్ళు మద్రాసు మ్యూజియమున నున్నవి. బాదముగింజ యాకారము, రెండు ప్రక్కల పదును, అడుగున మందము. ఆ మందము ఏ అరచేతి గుంటలో ఇముడునో, బొటనవ్రేలు ఏ గాటుపై నిలుచునో, అద్దపు పెట్టెకు ఇవతలనుండి చూచువాని చేయి తనంతట తానే వంగి చెప్పును.